కరెంటు పోయినా తప్పని లెక్క: శ్రీమతి నేలపూడి కృపావతి గారి సేవాప్రస్థానం

1976 ఆగస్టు పదహారవ తేదీ సోమవారం ఉదయం, గౌతమీ తీర కొబ్బరి రైతుల సహకార సంఘం వారి అమలాపురం ప్రధాన కార్యాలయంలో, జూనియర్ గుమాస్తాగా శ్రీమతి నేలపూడి కృపావతి గారు విధులలో చేరారు. రాజోలులో ఉపాధ్యాయ దంపతుల ఇంట జన్మించి, గణితశాస్త్రంలో పట్టభద్రులై, అంకెలను చూడగానే ముఖం వికసించే అరుదైన స్వభావం కలిగిన ఆమెకు, చేరిన నాడు కేటాయించిన కుర్చీకి ఎడమ చేయి లేదు. కొత్తగా వచ్చి కుర్చీ అడిగితే ఏమనుకుంటారోనని ఏడాది పాటు మోచేయి గాలిలోనే పెట్టుకుని రాశానని ఆమెయే చెప్పి నవ్వుతుంటారు. ముప్పది రెండు వత్సరాల నిరుపమాన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న ఆ విదుషీమణిని గూర్చి నాలుగు మాటలు రాసే భాగ్యం ఆమె చేతికింద పని నేర్చిన మా కంప్యూటరు విభాగానికి దక్కింది.

సీనియర్ గుమాస్తాగా కొత్తపేట శాఖలోను, అకౌంటెంటుగా అంబాజీపేట గోదాములోను ఆమె పనిచేసిన కాలాన్ని ఎరిగిన పెద్దలు నేటికీ ఆమె పేరు చెబితే లేచి కూర్చుంటారు. అణా పైసలతో సహా లెక్క తేలనిదే ఇంటికి వెళ్ళే అలవాటు ఆమెకు లేదు, తన వెంట ఉన్నవారిని వెళ్ళనిచ్చే అలవాటు అంతకన్నా లేదు. 1993లో సంఘానికి తొలి కంప్యూటరు వచ్చినప్పుడు దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, ఏసీ గదిలో ప్రతిష్ఠించి, చెప్పులు బయట విడిచి దర్శనం చేసుకున్నామే తప్ప, ముట్టుకునే ధైర్యం మనలో ఎవరికీ కలగలేదు. కాకినాడలో శిక్షణకు వెళ్ళమంటే ఒకరికి నడుం నొప్పి, ఒకరికి ఇంట్లో శుభకార్యం. కృపావతి గారు మాత్రం భర్త ప్రేమ్ కుమార్ గారికి వంటిల్లు అప్పగించి, రోజూ బస్సెక్కి వెళ్ళి నేర్చుకుని వచ్చారు. ఆ మూడు నెలల్లో తాను కూడా పులుసు పెట్టడం నేర్చుకున్నానని ప్రేమ్ కుమార్ గారు సగర్వంగా చెప్పుకుంటారు.

2001లో పాలకవర్గం ఒక పెద్ద నిర్ణయం తీసుకొంది. రాజోలు, కొత్తపేట శాఖలు, అంబాజీపేట గోదాము టెలిఫోను లైను మీద అమలాపురంలోని ఒకే కంప్యూటరుకు కలవాలి, లారీ ఎక్కిన సరుకు ఎక్కడివారికైనా తెర మీద కనబడాలి. అయితే అలా కనబడే వెబ్ పుటల వెనుక ఉండి పనిచేసే భాష ఏది, వివరాలను భద్రపరచే డేటాబేస్ ఏది అన్నది తేల్చే బాధ్యత కృపావతి గారి భుజాల మీద పడింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సంస్థవారు జావా, ఒరాకిల్ అంటూ చెప్పిన ఖర్చు అంచనా విని అధ్యక్షులు గంగాధరరావు గారు మంచినీళ్ళు అడిగి తాగారు. ఆమె పెర్ల్ భాషలో తానే ఒక పుట రాసి చూసుకున్నారు. ఆడపడుచు పెళ్ళికి సెలవు పెట్టి, తిరిగివచ్చి తెరిస్తే తన రాత తనకే బోధపడలేదట. చివరకు పీహెచ్‌పీ అనే మరో భాషలో రాసి, దానిని ఎన్నడూ చూడని రాజోలు శాఖవారి చేత చదివించారు. వారు తడుముకుంటూనే అయినా సారాంశం చెప్పగలిగారు.

“రేపు నేను లేకపోతే దీన్ని చదివేవాళ్ళు ఉండాలండి. అదొక్కటే నేను చూసేను,” అని ఆమె పాలకవర్గానికి విన్నవించారు. డేటాబేస్ విషయంలో మాత్రం తేలికైనది, వేగమైనది అని మైఎస్‌క్యూఎల్‌ను ఎంచుకున్నారు. మన టెలిఫోను లైను నత్తనడక తెలిసినవారు ఎవరైనా ఆ పనే చేసి ఉండేవారు. సంవత్సరం పాటు అంతా సజావుగా సాగింది.

2002 వేసవిలో వచ్చిన కష్టాన్ని ఇక్కడ చెప్పక తప్పదు. కృపావతి గారి వ్యక్తిత్వాన్ని అంతగా వెల్లడించిన ఘట్టం ఆమె సేవాకాలంలో మరొకటి లేదు. ఆ మే నెల తనిఖీలో అంబాజీపేట గోదాములో ఉండవలసినదానికన్నా ఎండుకొబ్బరి బస్తాలు తక్కువగా కనిపించాయి. కంప్యూటరు చెప్పే నిల్వ ఒకటి, కళ్ళకు కనిపించే నిల్వ మరొకటి. గోదాము తాళాలు స్టోర్‌కీపరు మాణిక్యం గారి మొలతాడుకే ఉండేవి. ఇరవై ఏళ్ళుగా చిన్న మాట పడని మనిషిని ఒక్క పూటలో అందరూ అదోలా చూడసాగారు. మిషను అబద్ధమాడదు కదా అన్నారు అందరూ. సస్పెన్షన్ ఉత్తర్వు టైపు కావడానికి వెళ్ళింది.

మాణిక్యం గారు కంప్యూటరు గది గుమ్మం వద్దకు వచ్చి, అలవాటు ప్రకారం చెప్పులు విడిచి నిలబడ్డారు. “అమ్మగారూ, నేను ఒక్క బస్తా ముట్టుకోలేదండి. మా ఇంట్లోవాళ్ళు కూడా ఏమీ అడగటం లేదండి. అడిగినా బావుండునండి,” అన్నారు.

కృపావతి గారు కుర్చీలోంచి లేచారు. లోకమంతా ఆ మనిషిని అనుమానిస్తున్నది తాను ఎంచి, తాను రాసి, తాను నిలబెట్టిన లెక్కను నమ్మే కదా! లెక్క నిజమైతే ఆయన దొంగ, ఆయన నిజమైతే తాను ఎంచుకున్నది తప్పు. ఆమె తిన్నగా అధ్యక్షుల గదికి వెళ్ళి, “ఉత్తర్వు మీద రేపటిదాకా సంతకం పెట్టకండి. నాది తప్పేమో చూసుకోవాలండి,” అన్నారు. గంగాధరరావు గారు కళ్ళజోడు తీసి, “మీది తప్పేవిటండీ మధ్యలో?” అని ఆశ్చర్యపోయారు.

మరునాడు ఉదయం కంప్యూటరు గదిలో అధ్యక్షులు, మాణిక్యం గారు, మేమందరం నిలబడ్డాం. కృపావతి గారు గోదాము లెక్కకు నకలు ఒకటి సిద్ధం చేసుకుని, అందులో లారీ లోడు వివరం ఎక్కిస్తూ, సరిగ్గా భద్రపరిచే క్షణంలో ప్లగ్గు పీకేశారు! ఏసీ గదిలో చెప్పులు వేసుకున్నా సహించని ఆమె, ప్రాణప్రదమైన ఆ యంత్రానికి అలా చేయడం చూసి మాకు గుండె ఆగినంత పనైంది. మళ్ళీ వెలిగించి చూస్తే లెక్క సరిగానే ఉంది. మళ్ళీ పీకారు, మళ్ళీ సరిగానే ఉంది. ఎంతసేపు చేసినా అంతే. అధ్యక్షులు గడియారం చూసుకుని లేవబోయారు. మాణిక్యం గారు తల దించుకున్నారు.

“ఇంకొక్కసారి కూర్చోండి బాబూ,” అన్నారు కృపావతి గారు. మళ్ళీ లోడు ఎక్కించి, మళ్ళీ ప్లగ్గు పీకారు.

ఈసారి తెర వెలిగేసరికి లారీకి బిల్లు తయారై ఉంది, గోదాము నిల్వలో మాత్రం ఒక్క బస్తా తగ్గలేదు. కరెంటు సగంలో పోయింది, పని సగమే జరిగింది. కరెంటు వచ్చాక గుమాస్తా బిల్లు చూసి అంతా అయిపోయిందనుకుంటాడు. వెళ్ళిపోయిన బస్తాలు గోదాములోనే ఉన్నాయని కంప్యూటరు చెబుతూనే ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన ఆ వేసవిలో, పూటకోసారి కరెంటు పోయే మన ఊళ్ళో, ఇది ఎన్నిసార్లు జరిగి ఉంటుందో వేరే చెప్పాలా!

“ఇదేనండి జరిగింది. మాణిక్యం గారి తప్పు కాదు, నేను ఎంచుకున్నదాని తప్పు. వేగం చూసేను గాని మన కరెంటు సంగతి చూడలేదండి,” అని ఆమె అందరి ఎదుట చెప్పారు. మాణిక్యం గారు అక్కడే గచ్చు మీద కూలబడి, ఉత్తరీయంలో ముఖం దాచుకుని, “ఆయ్... ఆయ్...” అంటూ ఉండిపోయారు. గంగాధరరావు గారు ఆ ఉత్తర్వును మడిచి జేబులో పెట్టుకుని, “నేను రాసిందీ తప్పేనండి, మాణిక్యం గారూ,” అన్నారు. మా అందరికీ ఒక్కసారిగా ఆకలి గుర్తుకొచ్చింది. ఆనాడు తిన్న పెసరట్ల రుచి మరెన్నడూ తగలలేదు.

ఆ తరువాత వెనకటి బిల్లులన్నీ సరిచూస్తే బస్తాలన్నిటికీ ఆచూకీ దొరికింది. హైదరాబాదువారి ఖరీదైన సరుకే కొనవలసిందేమోనని అధ్యక్షులు సంశయించగా, భాషలో లోపం లేదని, దాచే చోటు మార్చితే చాలని కృపావతి గారు వివరించారు. బిల్లు, నిల్వ రెండూ కలిసి పూర్తి కావాలి, లేదంటే రెండూ జరగనట్టే మిగలాలి. ఆ పద్ధతి మాకు అప్పటిదాకా ఉన్న మైఎస్‌క్యూఎల్ పట్టికల్లో లేదు, పైసా ఖర్చు లేని మరో డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌లో ఉంది. ప్రోగ్రామును దానికి అనువుగా తిరిగి రాసి, ప్లగ్గును ఈసారి పాలకవర్గ సభ్యుల చేతికే ఇచ్చారు. వారు పిల్లల్లా ఉత్సాహంగా వంతులు వేసుకుని మరీ పీకారు. లెక్క ఒక్కసారి కూడా సగంలో ఆగలేదు. నాటి నుంచి నేటి వరకు ఆగలేదు.

2004లో సిస్టమ్స్ అధికారిగా పదోన్నతి పొంది, మాబోటివారిని తీర్చిదిద్ది, తన రాత తాను లేనినాడు కూడా మరొకరికి అర్థం కావాలన్న నియమాన్ని మా చేత తు.చ. తప్పక పాటింపజేసిన కృపావతి గారికి ఒక్క బలహీనత మాత్రం మిగిలిపోయింది. అమలాపురంలో కరెంటు పోతే చాలు, ఆదివారమైనా, గుడ్ ఫ్రైడే అయినా, కాపలా ఉన్నవారికి ఆమె నుంచి ఫోను వస్తుంది. “లెక్క బాగానే ఉందా అండీ?” అన్నది ఒక్కటే ప్రశ్న. బాగానే ఉందని ఆరేళ్ళుగా ఒకటే జవాబు చెబుతున్నాం, ఆమె ఆరేళ్ళుగా నమ్మలేదు.

రెండేళ్ళ క్రితం సకల గౌరవాలతో విశ్రాంతి తీసుకున్న మాణిక్యం గారు, ఈ వీడ్కోలు సంచిక సంగతి తెలిసి అంబాజీపేట నుంచి వచ్చారు. తన పేరిట ఒక మాట వేయమని కోరి, ఇలా చెప్పారు: “ఆ వేసవి తరవాత నేను హాయిగా నిద్రపోయేనండి. ఆవిడే నిద్రపోలేదు. ఇంక పడుకోమని చెప్పండి.”

అమ్మా, మాణిక్యం గారి మాటే మా అందరి మాట. సర్వేశ్వరుడు మీకు, ప్రేమ్ కుమార్ గారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ళ ఆయుష్షును, కరెంటు పోయిన వేళ విసనకర్ర అందుకుని అటు తిరిగి పడుకోగల నిశ్చింతను ప్రసాదించుగాక! లెక్క బాగానే ఉందండి.