రిబ్బను నలుపు వైపు

అధ్యక్షురాలు ఆర్లీన్ గారికి, ముందు వరుసలో ఆసీనులైన పెద్దలకు, యాపిల్ ‘పై’ ముక్కలు అయిపోతాయేమోనని బల్ల పక్కనే కుర్చీలు వేసుకున్న మిత్రులకు, నలభై ఏళ్లుగా నా వ్యాపకాన్ని ‘ఆ కంచు ముక్కల పిచ్చి’ అని తప్ప ఇంకో మాట అనని మా ఆవిడ బెర్నీస్‌కు నమస్కారాలు.

మన కౌంటీ పాత పతకాల సేకరణ సంఘానికి ఇరవై ఆరేళ్లు ప్రధాన న్యాయనిర్ణేతగా ఉండి ఇవాళ దిగిపోతున్నాను. ఆర్లీన్ గారు నన్ను చాలాసేపు పొగిడారు. అందులో సగం నిజం. ఏ సగమో ఆవిడకీ తెలుసు. (నవ్వులు)

ఇందాక గుమ్మంలో డ్వైట్ నన్ను ఆపి, "పెద్దాయనా, నీ పతకం రిబ్బను తిరగబడింది, చూసుకో" అన్నాడు. చూసుకున్నానని చెప్పాను. ఆ సంగతికే వస్తున్నాను డ్వైట్, కూర్చో.

మొహమాటానికి వచ్చిన అల్లుళ్లూ కోడళ్లూ ఉన్నారు గనక, వాళ్ల కోసం రెండు ముక్కలు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల అంతర్యుద్ధంలో పోరాడిన మన తాతలు ముసలివాళ్లయ్యాక ఏడాదికోసారి ఒకచోట కలిసేవారు, కలిసిన గుర్తుగా పతకాలు చేయించుకునేవారు. పైన పిన్ను పట్టీ, కింద కంచు బిళ్ల, మధ్యలో పట్టు రిబ్బను. రిబ్బనుకి ఒకవైపు జెండా రంగులు, వెనక నలుపు మీద వెండి అక్షరాలు. సంబరానికి రంగుల వైపు పైకి, తోటివాడిని పాతిపెట్టే రోజున తిప్పి నలుపు వైపు పైకి. రెండింటికీ ఒకటే రిబ్బను. పొదుపైన మనుషులు.

ఎల్వుడ్ ప్రాథర్ మీలో చాలామందికి తెలుసు. నాకు బడి రోజుల నుంచీ తెలుసు. పదకొండేళ్ల కిందటి ప్రదర్శనకి వాళ్ల తాత సైలస్ పతకాన్ని అద్దాల చట్రంలో బిగించి తెచ్చాడు, ‘వాడినవి’ అనే తరగతిలో పెట్టాడు. నేను చూశాను. రంగులు నిన్న నేసినట్టున్నాయి, ఒక్క పోగు లేవలేదు. మావాడు పొరపాటు పడ్డాడని జాలిపడి, దాన్ని తీసుకెళ్లి ‘వాడనివి’ తరగతిలో పెట్టి, మొదటి బహుమతి ఇచ్చి, కార్డు మీద నా చేత్తో ‘ఒక్కసారీ ధరించనిది’ అని రాశాను. స్నేహితుడికి మేలు చేశాననే అనుకున్నాను.

ఎల్వుడ్ మొదటి బహుమతికిచ్చే ఆ నీలం పట్టీని తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "ఒరేయ్ వెండెల్, మా తాత దీన్ని పెట్టుకోలేదని రాశావేంట్రా? చట్రం విప్పి వెనక చూడు" అన్నాడు. పోటీకి వచ్చిన చట్రం విప్పకూడదని నిబంధన ఉందన్నాను. "ఆ నిబంధన ఎవడు రాశాడు?" అన్నాడు. నేనే రాశానన్నాను. (నవ్వులు) నవ్వండి. అతను నవ్వలేదు.

ఆ తర్వాత పదకొండేళ్లు పక్కపక్క బల్లల దగ్గరే కూర్చున్నాం, ఒక్క మాట లేదు. అతనికి నా భూతద్దం కావాలంటే బెర్నీస్‌ని అడిగేవాడు. నేను బెర్నీస్‌కి ఇచ్చేవాణ్ణి. ఆవిడ మా మధ్య రెండడుగులు నడిచేది, "మీ ఇద్దరికీ కలిపి ఒక బుర్ర ఉంటే బాగుండు" అనేది.

మొన్న మార్చిలో ఎల్వుడ్ పోయాడు. అంత్యక్రియలకు నేను వెళ్లలేదు. సంఘం ఫైళ్లు సర్దుకోవాలన్నాను. ఫైళ్లు అప్పటికే సర్ది ఉన్నాయి.



ఏప్రిల్‌లో అతని కూతురు కొరిన్ ఆ చట్రం తెచ్చి మా వంటింటి బల్ల మీద పెట్టి, "అంకుల్, ఇది మీ దగ్గరే విప్పించమని నాన్న చెప్పారు" అంది. నాలుగు మేకులు ఊడదీశాను. రిబ్బను తిప్పాను. నలుపు నలుపుగా లేదు, ఎండకి గోధుమరంగుకి తిరిగింది. వాన చుక్కల మచ్చలున్నాయి. వెండి అక్షరాల్లో సగం లేవు. అంచులు పీలికలై ఉన్నాయి.

అప్పుడు కొరిన్ చెప్పింది. సైలస్ ప్రాథర్ యుద్ధంలో తన దళానికి బాకా ఊదేవాడట. కలయికలన్నీ గోధుమ నూర్పిళ్ల రోజుల్లోనే పెట్టేవారు గనక ఒక్కదానికీ వెళ్లలేకపోయాడట. పతకం పోస్టులో వచ్చింది. కానీ ఎవడు పోయినా సమాధి దగ్గర బాకా ఊదడానికి అతన్నే పిలిచేవారు, ఏ నూర్పిడైనా ఆపి వెళ్లేవాడు, దళంలో తనొక్కడే మిగిలేదాకా వెళ్లాడు. రంగుల వైపు ఎప్పుడూ అతని గుండెకే ఆనుకుని ఉంది. అందుకే అంత కొత్తగా ఉంది. ఇదంతా ఎల్వుడ్‌కి తెలుసు. నేను అడిగుంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాడు. అడగలేదు. నాకు సిగ్గుగా ఉంది, మీ అందరి ముందూ చెబుతున్నాను.

ప్రధాన న్యాయనిర్ణేతగా ఇది నా ఆఖరి తీర్పు. పదకొండేళ్ల కిందటి కార్డు కొట్టేస్తున్నాను. ‘వాడినవి’ తరగతిలో, సైలస్ ప్రాథర్ పతకం, మొదటి స్థానం. కొరిన్, ఆ నీలం పట్టీ ఇదిగో, నా దగ్గరే ఉండిపోయింది.

పాత పతకం చొక్కాకి తగిలించుకోకూడదని కూడా మనకో నిబంధన ఉంది. అదీ నేనే రాశాను. కొరిన్ సైలస్ పతకాన్ని ఈ ఒక్క పూటకీ నన్ను పెట్టుకోమంది.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ, భూతద్దం మోసిన బెర్నీస్‌కీ ధన్యవాదాలు. డ్వైట్, నువ్వన్నది నిజమే, రిబ్బను తిప్పి పెట్టుకున్నాను. మార్చిలో ఆ సమాధి దగ్గరికి వెళ్లాల్సింది. ఎల్వుడ్, సెలవురా. మీ అందరి దగ్గరా సెలవు.