విమానం నడిపిన రెండు బ్యాటరీలు

శుక్రవారం పొద్దున, గల్ఫ్‌లోని కర్జకాన్ ఊళ్లో చాయ్ దుకాణం ముందు బల్ల మీద వెంకటి కూర్చున్నాడంటే చుట్టూ నలుగురు చేరాల్సిందే. తలుపులు బిగించడంలో పనివాళ్ల క్యాంపు మొత్తానికి మొనగాడు, కోతలు కోయడంలో అంతకన్నా. ఆ రోజు మాత్రం ఆ నలుగురిలో రాజనర్సు కూడా ఉన్నాడు, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని. సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చిన ఈ వారమంతా వెంకటి అతని కంటపడకుండా తిరిగాడు.

డ్రిల్ మిషన్ బ్యాటరీలు విమానంలో పోనిస్తారా అని, వచ్చే వారం ఊరికి పోతున్న మల్లేష్ అడిగాడు. తెలియదంటే అతను వెంకటి ఎలా అవుతాడు? ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆపాడని, బ్యాటరీ మీద రాసింది గడగడా చదివి వినిపిస్తే సలాం కొట్టి వదిలాడని మొదలుపెట్టాడు. రాజనర్సు అతన్నే చూస్తూ చాయ్ తాగుతున్నాడు. ఆ చూపుకు వెంకటికి మాట ఆపాలంటేనే భయం వేసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సామాన్ చూసే వాళ్ల మిషన్‌కే మరలు లూజు. నన్నే బిగించుమన్నరు."

"బిగించినవా అన్నా?" అన్నాడు మల్లేష్.

బిగించాడట. అది చూసి పైలట్ చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడట. సముద్రం మీదికి పోయాక విమానం తలుపు కిర్రుమంటే, మబ్బులు మొహానికి కొడుతుంటే ఒంటిచేత్తో వేలాడుతూ దాని బందులూ బిగించాడట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనే ఆగిపోయింది. నా రెండు బ్యాటరీలు పెట్టిన. హైదరాబాద్ దాకా వాటి మీదనే వచ్చినం. దిగినంక సుత ఇంకా రెండు గీతల చార్జింగ్ ఉన్నది."

అందరూ పడీపడీ నవ్వారు. రాజనర్సు సంచిలోంచి రెండు బ్యాటరీలు తీసి బల్ల మీద పెట్టాడు. క్యాంపులో అందరూ పనిముట్లు మారిపోకుండా రాసుకున్నట్టే, రెండింటి మీదా తెల్ల రంగుతో వెంకటి పేరుంది.

"ఇవేనా? అవ్వకు పంపిన దుప్పట్ల నడుమ దొరికినయి. పెట్టె మీద నా నంబరు ఉన్నది గదా, నువ్వు పోయిన రెండో దినమే ఎయిర్‌పోర్టోళ్లు నాకు ఫోన్ చేసిండ్రు. నువ్వే చెప్తవని చూసిన."

చేతిసంచిలో పెడితే గుంజుకుంటారని, రాజనర్సు తన తల్లి గౌరవ్వకు ఇవ్వమని అప్పగించిన పెట్టెలో వాటిని దాచింది వెంకటే. బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలని ఎయిర్‌పోర్టు వాళ్లు పిలిచి అడిగినప్పుడుగానీ తెలియలేదు. భయపడి, ఆ పెట్టె నాది కాదని చెప్పి, అక్కడే వదిలేసి విమానమెక్కాడు. ఊళ్లో గౌరవ్వకు మాత్రం విమానంవాళ్లే పోగొట్టారని చెప్పి, ఆమె ముందు కళ్లు తుడుచుకున్నాడు.

"'ఆ పిలగాన్ని ఏమనకు బిడ్డా, నా దుప్పట్లు పోయినయని నాకన్న ఎక్కువ ఏడ్చిండు' అన్నది అవ్వ," అన్నాడు రాజనర్సు. "అవ్వకు నేనింకా ఏం చెప్పలే. ఆ తర్వాత ఏమైందో నువ్వే చెప్పు."

ఫోన్ కలిపి వెంకటి చేతికిచ్చాడు. ఎవరూ నవ్వడం లేదు. వెంకటికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎవరు బిడ్డా?" అంది గౌరవ్వ అటునుంచి.

వెంకటి ముందు తన పేరు చెప్పాలి. ఎదురుగా రెండు బ్యాటరీల మీదా అది తెల్లగా కనిపిస్తూనే ఉంది.