పేతురు అత్తకి జ్వరం ఎందుకొచ్చింది

కాదే పిల్లీ, నువ్వే చెప్పు, ఇదేం న్యాయం? సమాజంలో మాట్లాడమని రూతుని ఒకావిడకిచ్చేరు, ఎస్తేరుని ఇంకొకావిడకిచ్చేరు, మరియమ్మ కోసమైతే ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మరి నాకేటి మిగిలింది? పేతురు అత్త!

పేరైనా లేదు ఆవిడకి. బైబిలంతా దులిపితే ఒక్క ముక్క. జ్వరంతో పడుకుంది, జ్వరం దిగింది, లేచి వడ్డించింది. అయిపోయింది! మా వీధి కొళాయిలో నీళ్లైనా అంతకన్నా ఎక్కువసేపు వస్తాయి.

నీతోనే మాట్లాడుతున్నాను, మీసాలు దువ్వుకోకు. ముందుగదిలో మంచం మీద ముసుగు తన్నిన మనిషితో కాదు. ఆయన మా రాజశ్రీ మొగుడు, నాకు అల్లుడు. అల్లుడి ఎదటపడి అత్త మాట్లాడ్డం మా చీపురుపల్లి వైపు లేదు. ఏసుప్రభువుని నమ్ముకున్నా ఆచారం ఆచారమే. నేనీ ఇంటికొచ్చిన కాడి నుంచీ ఈ వంటగది తెరకి ఇవతల నేను, అవతల ఆయన. చెప్పాల్సినవి గోడకో, చీపురుకో, నీకో చెప్తాను. వినాల్సినవాళ్లు వింటారు.

అచ్ఛా, సంగతి విను. రేపు ఆదివారం ఆరాధనయ్యేక స్త్రీల సమాజంలో నేను లేచి మాట్లాడాలి. బైబిల్లో ఒక మనిషిని ఎలా చదవాలో పాస్టరమ్మ శాంతాదేవి మాకు నేర్పుతోందిలే. "చిన్నమ్మి గారూ, ఆ మనిషి గురించి ఎక్కడెక్కడ రాసుందో అన్నీ చదవండి. ఊరేదో, ఇల్లెవరిదో, ఎవరితో ఎలా మసిలిందో చూడండి. ఆఖర్ని, అదే చోట మీరుంటే ఏం చేస్తారో మిమ్మల్ని మీరే అడగండి. రాయనిది మాత్రం కల్పించకండి" అంది. కల్పించొద్దని నాకా చెప్పడం! కూరలో ఉప్పెంతేసేనో కూడా కల్పించకుండా చెప్పలేనే నేను.

సరే, చదివేను. కళ్లజోడు అరిగిపోయింది. మత్తయి, మార్కు, లూకా, ముగ్గురూ అదే ముక్క. లూకా ఒక్కడు వైద్యుడు గనక కొంచెం నయం, జ్వరం తీవ్రంగా ఉందని రాసేడు.

ఊరు కపెర్నహూము. చేపలూరు. మన భీమిలి లాంటిదనుకో. ఇల్లెవరిది? అక్కడ నా వేలు ఆగిపోయిందే పిల్లీ. ఇల్లు పేతురుది. అంటే అల్లుడిది! అల్లుడింట్లో ఈవిడెందుకుంది? మొగుడు పోయేడు కాబోలు. కొడుకుల్లేరు కాబోలు. ఇది కల్పించడం కాదు, అనుభవం. రాజశ్రీ తండ్రి సర్వీసులో ఉండగానే పోతే, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని నేనూ ఇలాగే అల్లుడి రైల్వే క్వార్టరుకొచ్చేను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా అల్లుడింట్లో తినే అన్నంలో ఓ మెతుకు ఎప్పుడూ గొంతుకి అడ్డంగానే ఉంటుంది.

ఇప్పుడసలు సంగతి విను. మార్కు ఎంత తెలివైనవాడో! పేతురు వలలు వదిలీసి ప్రభువు వెనకాల వెళ్లిపోయేడని ముందు రాసేడు. అదే అధ్యాయంలో, పట్టుమని పదిహేను వచనాలు దాటకుండా, అత్తని మంచమెక్కించేడు. చూసేవా? దోమ కుట్టిన జ్వరమనుకున్నావేటి? అల్లుడు పని మానీసిన జ్వరం అది!

రేపు సమాజంలో ఇదే చెప్దామనుకున్నాను. ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకుని మా క్వార్టరు వైపు తిరగాలి. ఎందుకంటే మా అల్లుడుగారూ వల వదిలీస్తున్నారు! అసిస్టెంటు డ్రైవరు ఉద్యోగం. వాళ్ల నాన్న ఖలాసీగా బొగ్గు మోసి మోసి, మనిషే బొగ్గయిపోయి కొడుకుని ఇంజనెక్కించేడు. ఈయన సోమవారం రాజీనామా ఇచ్చీసి, తఖత్‌పూర్ అవతల హిందీ పల్లెల్లో సువార్త చెప్తాడట. సైకిలు మీద!

డ్యూటీకి రెస్టు దొరికితే చాలు, అక్కడే. ఆ పల్లె దోమ ఒక్కోటి పావురమంత ఉంటుందిట. ఆ దోమలు సువార్త విన్నాయో లేదో గాని ఈయనకి మలేరియా ఇచ్చి పంపించేయి. నిన్న వణుకు వస్తే మంచం నడిచి గుమ్మం దాకా వెళ్లింది. ఆ చప్పుడుకి యార్డులో షంటింగనుకున్నారు జనం.

ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. రైల్వే ఆసుపత్రీ పోతుంది. రాజశ్రీనడిగితే "ఆయన ఎటంటే అటేనమ్మా, నువ్వూ వచ్చీ" అంటుంది. ఎక్కడికొచ్చీది? ఇంజను కూత వినపడకపోతే నాకు నిద్రే రాదు. ఈ వయసులో కోడి కూతకి పడుకోడం నేర్చుకోనా?

మంచం కిర్రుమంది. చూసేవా, వింటున్నారు.

పాస్టరమ్మ ఆఖరి మాటొకటుంది కదా, అదే చోట నువ్వుంటే ఏం చేస్తావని. అక్కడే నా కాలు నిలవడం లేదే పిల్లీ. పొద్దున్న నుంచి ఈ వంటగదిలో తిరిగిన తిరుగుడికి కాలినడకన రాయపూర్ వెళ్లొచ్చుందును. జ్వరం దిగేక ఆవిడ, వలలెందుకు వదిలేవయ్యా అని అడిగినట్టు రాయలేదు. సరే వెళ్లు అన్నట్టూ రాయలేదు. లేచి వడ్డించింది. గిన్నెలు ఎంత గట్టిగా చప్పుడు చేసిందో అదైనా రాయొద్దూ? మగవాళ్లు రాస్తే ఇంతే!

ఇదిగో, ఎక్కడికే? ఒసే, ఉండవే! కిటికీ దూకి పోయింది పాపిష్టిది. పక్కింట్లో చేపలు వేపుతున్నారు మరి.

ఇంకెవరితో చెప్పనూ? గోడతోనా? నా మాటలు వినీ వినీ గోడకి సున్నం కూడా రాలిపోయింది.

బాబూ, ప్రతాపూ. నీతోనే.

తెర తీసేను. లేవకు, కంగారు పడకు, దుప్పటి సరిగ్గా కప్పుకో. చీపురుపల్లి నుంచి ఎవరూ చూడ్డం లేదులే.

మధ్యాన్నం రాజశ్రీ ట్యూషన్లు చెప్పడానికి పోతూ ఆసుపత్రి మాత్ర నా చేతిలో పెట్టింది, గంజితో ఇవ్వమని. గంజి గ్లాసు తెర కింద నుంచి తోసేను. తాగేవు. మాత్రేదీ అని నువ్వడగలేదు. ఎలాగడుగుతావు? అత్తతో మాట్లాడకూడదాయె!

ఇదిగో ఆ మాత్ర. నా కొంగు ముడిలోనే ఉంది.

సోమవారం దాటీదాకా నువ్వు లేవకపోతే చాలనుకున్నాను. చంపుదామని కాదు బాబూ, నీకేమైనా అయితే నా కూతురి గతేటి? ఇంకో వారం మంచంలో ఉంటే బుద్ధి మారుతుందేమో అని. ప్రార్థన కూడా చేసేను. ప్రభువా, లోకంలో అందరికీ జ్వరాలు దించేవు, ఈ ఒక్కడికీ కాస్త ఉంచు అని. అలాంటి ప్రార్థన బైబిల్లో ఎవరైనా చేసేరా? చెయ్యలేదు. నేనే మొదలు.

తరవాత నువ్వు నిద్దట్లో అమ్మా అని మూలిగేవు. నన్ను కాదని తెలుసు. అయినా ఉండబట్టలేక వచ్చి నీ నుదుటి మీద చెయ్యేసేను. చల్లగా ఉంది! మాత్ర లేదు, నా ప్రార్థన అడ్డంగా ఉంది, అయినా దిగిపోయింది. ఎవరు దించేరో నన్నడక్కు. మలేరియా రోజు విడిచి రోజు వస్తుందంటారు, అంతే అయ్యుంటుంది. రేపు మళ్లీ వస్తుందేమో, అందుకే మింగు. మింగు బాబూ, నా ఎదటే మింగు.

అలా చూడకు. రాజశ్రీకి చెప్తే చెప్పు. సోమవారం రాజీనామా ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్తే వెళ్లు. రేపు సమాజంలో మాత్రం పేతురు అత్త గురించి నాకేం తెలీదని చెప్పీసి కూర్చుంటాను. ఆవిడ నోరు మూసుకుని వడ్డించింది. అది నా వల్ల అయ్యే పనేనా?

లే. వేడన్నం, చారు. ఉప్పు ఎక్కువైందనకు, ఎంతేసేనో నాకే తెలీదు.

ఇంతకీ ఆ పల్లె ఇళ్లల్లో వంటగది వేరేగా ఉంటుందా? అంతా కలిపి ఒకటే గదేనా?

ఒకటే గదంటావా. ఏం చేస్తాం మరి! ఈ తెర మసిగుడ్డకి పనికొస్తుందిలే.