డ్రమ్ములో పడ్డ ఉడుత

సోఫాలు బాగుచేసే మామయ్య నోట్లో మేకులు ఉన్నంతసేపే ఆ వీధికి ప్రశాంతత. మేకులు అయిపోయాయంటే కోతలు మొదలు.

మేనకోడలు బుడంకాయ, పాపం, సరిగ్గా మేకులు అయిపోయిన వేళకే వచ్చిపడింది. పిల్లల కథల పోటీకి ఆ సాయంత్రం లైబ్రరీ తలుపులు మూసేలోగా కథ ఇచ్చెయ్యాలి. కథలో ఉడుత నీళ్ళ డ్రమ్ములో పడింది. పడటం వరకూ బాగానే పడింది, దాన్నెలా బయటికి తియ్యాలో మాత్రం పొద్దున్నుంచీ తట్టడం లేదు. పొట్ట విప్పిన సోఫా అంచున కూర్చుని, ఉడుత మునిగిపోయేలా ఉంది, ఏదో ఒక ఉపాయం చెప్పమని మామయ్యని బతిమాలింది.

"ఉడుతెంతే, చిటికెలో పని. ముందు కథ రాయడమంటే ఏమిటో తెలుసుకో. నీ ఈడులో నేనూ ఒకటి రాశాను. ఏదో చిన్నదే, మా మాస్టారు మెచ్చుకుని వీపు తట్టారు."

ఎదురు కొట్లో తాళాలు చేసే తాత ఆకురాయి పక్కన పడేసి వచ్చి, స్ప్రింగు పొడుచుకోని చోటు చూసుకుని సోఫాలో సర్దుకున్నాడు. ఇంత చిన్న కోతతో ఆగే మనిషి కాదని ఆయనకి తెలుసు.

"మొదటి వాక్యం చదివేవాణ్ణి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాలమ్మా. నాది కూర్చోబెట్టింది. మాస్టారి చొక్కాకి రెండు బొత్తాలు ఊడిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఉడుత ఇంకా నీళ్ళలోనే ఉందని గుర్తు చేసింది బుడంకాయ. అక్కడికే వస్తున్నానన్నాడు గానీ రాలేదు, వర్ణన దగ్గరికి వెళ్ళాడు. వర్ణన కళ్ళకి కట్టాలట. తను వాన గురించి రాస్తే క్లాసంతా తడిసి ముద్దయిందట. ముందు బెంచీ వాళ్ళకి జలుబు చేసిందట, వెనక బెంచీ వాళ్ళకి ఈత వచ్చేసిందట.

మరి కాయితం తడవలేదా అని తాత అడ్డం తగిలాడు.

"వాన రాసే ముందే గొడుగు రాసుకున్నాను కదా పెద్దాయనా," అన్నాడు మామయ్య, ఎక్కడా తడుముకోకుండా. "ఇక అన్నిటికన్నా ముఖ్యం, పనికిరాని మాట కొట్టెయ్యడం. ఆ కథలో ఏనుగు దండగనిపించి గీత కొట్టానా, సర్కసు వాళ్ళు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చారు. గొలుసుంది, ఏనుగు లేదు! కాళ్ళావేళ్ళా పడితే జాలేసి మళ్ళీ రాశాను. తొందరలో తోక మర్చిపోయాను, అది వేరే సంగతి. అసలు ప్రమాదమంతా ముగింపులో ఉంది. అందరూ సుఖంగా ఉన్నారని రాసి చుక్క పెట్టానో లేదో, ఊళ్ళో ఒక్కడికీ జబ్బు లేదు. డాక్టరుగారు నా చేతులు పట్టుకుని, బాబ్బాబు, ఎవడికైనా ఒక్క దగ్గు రాసిపెట్టు నాయనా అని ఒకటే ఏడుపు."

తాత భుజాలు కుదిపి కుదిపి నవ్వుతున్నాడు. బయట నీడలు అవతలి గోడెక్కాయి, లైబ్రరీ మూసే వేళవుతోంది. బుడంకాయ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మెల్లిగా అడిగింది.

"మామయ్యా, వాన కురిపించావు, ఏనుగుని తెప్పించావు. ఉడుత అరచేతంత లేదు. దాన్ని ఎలా తీస్తావు?"

మామయ్య ఏదో పోగొట్టుకున్నవాడిలా సోఫా పొట్టలోకి చెయ్యి పెట్టి కొబ్బరిపీచు కెలకడం మొదలుపెట్టాడు.

"అందులో ఎందుకుంటుంది నాయనా, డ్రమ్ములో కదా పడింది," అన్నాడు తాత.

బుడంకాయ అప్పటికే రాసేస్తోంది. చివరి వాక్యం అయ్యాక, దొంగనవ్వు దాచుకుంటూ చదివి వినిపించింది: "ఆ తుప్పు డ్రమ్ము పక్కన ఒక మామయ్య నిలబడి, తను ఎన్ని ఏనుగుల్ని కాపాడాడో చెప్పడం మొదలుపెట్టాడు. ఉడుత కాసేపు విన్నది. ఇంకాసేపు ఓర్చుకుంది. ఇక వల్లకాక, గోళ్ళతో డ్రమ్ము పట్టుకుని దానంతటదే పైకెక్కి పారిపోయింది."

చదవడం పూర్తయీ కాకముందే లైబ్రరీ వైపు పరుగు తీసింది. తాతకి నవ్వీ నవ్వీ పొలమారింది. మామయ్య ఆయన వీపు తట్టి, నీళ్ళిచ్చి, మీసం సవరించుకున్నాడు.

"విన్నావుగా పెద్దాయనా, చివరికి దాన్ని బయటికి తెచ్చింది ఎవరో!"