రేపు తెరిచే చర్చికి తలుపు లేదు

(1958. పెద్దేముల్ పక్కన ఒక పల్లె. మార్తమ్మ ఇంటి అరుగు మీద మార్తమ్మ, సంఘం పెద్ద బాలప్ప.)

"గంతే అత్తా. రజాకార్ల లడాయి ఏడు పాత చర్చిని కాపాడింది బాలప్పే అని పాస్టరు అయ్యగారికి ఒక్క ముక్క చెప్పు."

"చెప్త అల్లుడా, చాయ్ తాగు. ఎట్ల కాపాడినవో జర యాదికి తెచ్చుకోవద్దా?"

"ఎట్లేంది? చర్చి కప్పు అంటుకున్నప్పుడు ఊరంత అడివికి ఉరికె. నేనొక్కణ్ణే ఉంటి."

"ఔ, ఉంటివి. మేం తిరిగొచ్చేసరికి గోడలుండె, నువ్వుంటివి. తలుపే లేకుండె."

"దోపిడోళ్లు ఎత్తుకపోయిన్రు."

"పాపం, ఆ దోపిడోళ్లకు బియ్యం వద్దు, బంగారం వద్దు. ఇద్దరు మోసే టేకు తలుపు గావాలె. అదే ఏడు మీ ఇంటికి కొత్త తలుపు పడె."

"అది తాండూర్ల కొన్న."

"కొన్న తలుపు మీద సిలువ చెక్కి ఉంటదా? ఆ దిక్కు లోపలికి తిప్పి బిగిస్తివి. చుట్టాలొస్తే దాని మీద గొంగడి ఏలాడేస్తివి."

"ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకత్తా? కొత్త గోడలకు తాండూరు బండ ఎవరి బండ్లల్ల వచ్చింది? నావే గద. గడప కాడి రాయి మీద నా పేరు ఉండొద్దా?"

"ఉండాలె. జంగప్ప మేస్త్రి ఉలి పట్టుకొని కూసున్నడు. ముసల్దానివి, అన్నీ సూసినదానివి, నువ్వు ఒప్పుకుంటేనే రాయిస్త అన్నడు అయ్యగారు. కాని రేపు చర్చి తెరుస్తమంటున్నరు, తెరవనీకి తలుపేది?"

"పరదా కడదాం."

"మంచిగుంటది. మీ ఇంటికి గూడ కట్టుకోరాదు?"

"ఎక్కిరిస్తున్నవా?"

"నాకెందుకు అల్లుడా. మీ హన్మమ్మ మొన్న ఈడనే కూసోని ఏడ్చింది. పండుకుంటే ఎదురుంగ సిలువ, కండ్లు మూస్తే ప్రార్థన రాదట."

"ఆడోళ్ల మాటలు. దానికేం తెలుస్తది?"

"ఔ, ఏం తెలుస్తది. ఇంకొంచెం చాయ్ పోయాల్నా?"

"పొద్దటి సంది చాయే పోస్తున్నవ్. చెప్తవా, చెప్పవా? నన్ను ఎందుకు కూసోబెట్టినవ్?"

"చెప్త అంటి గద. అగో, బండి చప్పుడు. మీ ఎడ్లే. తోలేది మీ జీతగాడు ఎంకయ్య. ఎనకాల నడిచేది మీ హన్మమ్మనే."

"బండ్ల అదేంది?"

"సిలువ పైకే పెట్టింది సూడు. గొంగడి గూడ కప్పలే."

"అత్తా..."

"ఫికర్ చెయ్యకు. నీ పేరు రాయిస్త, చర్చికి తలుపు ఇచ్చినోడు బాలప్ప అని. ఇగ నిమ్మలంగ ఇంటికి పో అల్లుడా. తలుపు కొట్టే పని లేదు."