అమ్మకానికి అన్యోన్య దాంపత్యం

ఆదివారం పొద్దున. మూడో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు. కొనేవాళ్ళు చూడటానికి వచ్చే వేళయింది. లోపల మొగుడూ పెళ్ళామూ ఇల్లు సర్దుతున్నారు.

"నీ దిండు తీసుకెళ్ళి లోపల మంచం మీద పెట్టు."

"దానికి సోఫా అలవాటైపోయింది. ఇప్పుడు మంచమెక్కిస్తే బెదిరిపోతుంది."

"జోకులు తర్వాత. బ్రోకరు ఏమన్నాడో విన్నావుగా? మనం విడిపోతున్నామని పసిగట్టారంటే సగం ధరకి అడుగుతారట. పైగా ఇల్లు అచ్చిరాలేదనుకుంటారు."

"అచ్చొచ్చిందా మరి?"

"దిండు పెట్టు."

"పెట్టాను. ఆనించి పెట్టాలా, మధ్యలో సందుంచాలా?"

"ఆనించి. అన్యోన్యంగా."

"దిండ్లకి కూడా నటన నేర్పిస్తున్నావు."

"నీకు నేర్పడం కంటే సులువు. పెళ్ళి ఫోటో ఏది?"

"బీరువా వెనకాల. గోడ వైపు తిరిగి నిలబడి ఉంది, తప్పు చేసిన పిల్లాడిలా."

"తెచ్చి హాల్లో తగిలించు. అక్కడ కాదు, ఇంకాస్త కిందికి. చెమ్మ మరక మీదికి రావాలి."

"మొత్తానికి మన పెళ్ళి ఒకందుకు పనికొచ్చింది."

"ఆ చెమ్మ ఎందుకొచ్చిందో చెప్పనా? పై అంతస్తు వద్దు, డాబా నీళ్ళు దిగుతాయి అని నేను మొత్తుకున్నాను."

"మొత్తుకున్నావా? బాల్కనీ చూసి ఎగిరి గంతేసింది ఎవరు?"

"గంతేశాను. ఏం? అందులో కూర్చుని టీ తాగుదామనుకున్నాను."

"తాగావా?"

"కూర్చోడానికి ఇంట్లో ఉంటే కదా! లోను వాయిదా కోసం పగలంతా ఆసుపత్రిలో జనం మోకాళ్ళు వంచడం, సాయంత్రం వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వంచడం. ఊరందరి నడుములూ నిలబెట్టాను, నాది మాత్రం వాలిపోయింది."

"నాదేమైనా తక్కువా? ఊరందరి వంటిళ్ళకీ అలమరలు గీస్తాను. మన వంటింట్లో తలుపు ఊడి రెండేళ్ళయింది."

"అది నేను చెప్పాల్సిన మాట."

"నువ్వు చెప్పేలోపే చెప్పేద్దామని."

"సరే విను. ఇవాళ బేరం కుదిరితే బ్యాంకు అప్పు తీరి తలా కాస్త మిగులుతుంది. నేను నా క్లినిక్ పెట్టుకుంటాను. నువ్వు నీ వర్క్‌షాపు పెట్టుకో, మంచాలు చేసుకో, కుర్చీలు చేసుకో, ఎవరితో ఉంటావో ఉండు. కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ దిండ్లు సర్దాలి."

"నాకు అర్థం కానిదొకటి. పెళ్ళిలోంచి బయటపడటానికి కోర్టు ఆరు నెలలు చాలంది. లోనులోంచి ఒకరి పేరు తీసెయ్యండంటే బ్యాంకు పదిహేనేళ్ళు ఆగమంటోంది."

"ఒక్కరి జీతం ఈ లోనుకి చాలదట. ఇద్దరూ మొయ్యాల్సిందేనట."

"ప్రమాణాలు చేయించినవాళ్ళకంటే సంతకాలు పెట్టించినవాళ్ళే గట్టివాళ్ళు."

"పోయిన వారం వచ్చినవాళ్ళ ముందు నన్ను 'ఆవిడ' అన్నావు. దాంతోనే పట్టేశారు. ఇవాళ కాస్త ప్రేమగా ఏడు."

"ఏడవమంటే ఏడుస్తాను. ప్రేమగా అంటేనే... అదిగో బెల్లు."

"నవ్వు."

"ఇప్పుడేనా?"

"తలుపు తీసేటప్పుడు. పళ్ళు అన్నీ అక్కర్లేదు. ... ఏవండీ! ఎవరో వచ్చినట్టున్నారు, చూడండి!"

"ఎవర్ని?"

"మిమ్మల్నేనండీ!"

"ఓ. నన్నా."

"రావచ్చా అమ్మా? ఇల్లు అమ్ముతున్నది మీరేనా?"

"రండి మేడమ్, రండి. ఏవండీ, కుర్చీ వెయ్యండి."

"మేడమ్ వద్దులే. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సిస్టరన్నారు, దిగిపోయిన మర్నాటి నుంచీ పిన్నిగారంటున్నారు. కూర్చోను. కూర్చుంటే లేవడం కష్టం. ముందు వంటిల్లు చూపించు. కుళాయి తిప్పు. ధార బానే ఉందే!"

"ఈయనే బాగుచేశారండీ. ఇంట్లో ఏది పాడైనా నిమిషంలో చేసేస్తారు."

"పని నిమిషమేనండీ. ఆ నిమిషం రావడానికే కాస్త టైము పడుతుంది."

"రెండేళ్ళు."

"ఏమన్నావమ్మా?"

"కుళాయికి రెండేళ్ళ గ్యారంటీ ఉందంటున్నానండీ."

"ఈ అలమరకి తలుపు లేదేం?"

"అది కొత్త పద్ధతి పిన్నిగారూ. తలుపు లేకపోతే వంటిల్లు విశాలంగా కనిపిస్తుంది. మా కంపెనీలో దీనికి ఎక్కువ తీసుకుంటాం."

"మిగతావాటికి ఉన్నాయిగా?"

"అవి పాత పద్ధతి."

"ఒకే వంటింట్లో రెండు పద్ధతులా! సరే పదండి. ఇది పడకగదా? ఎంత ఒద్దికగా ఉన్నాయమ్మా దిండ్లు, కొత్త పెళ్ళికొడుకూ పెళ్ళికూతురిలాగా. ఈ దిండుకి ఎర్ర నూలు అంటుకుందేం? హాల్లో సోఫా రంగులా ఉంది."

"మధ్యాహ్నం ఓ కునుకు తీస్తానండీ, సోఫాలో."

"చాలా పెద్ద కునుకులా ఉంది. ఈ రెండో గదిలో ఈ ఎత్తు బల్ల ఏమిటి?"

"అది నాదండీ. ఫిజియోథెరపీకి వాడతాం. క్లినిక్ పెట్టుకుందామని కొన్నాను, ఇల్లు కొనకముందు."

"మరి పెట్టలేదేం?"

"ఇల్లు కొన్నాక పెడదామనుకున్నాం."

"కొన్నారుగా?"

"లోను కాస్త తగ్గాక పెడదామనుకున్నాం."

"బిల్డరు కాగితంలో ఈ గదికి పిల్లల గది అని రాసి ఉంది. పిల్లలూ...?"

"వాళ్ళూ అంతేనండీ. లోను తగ్గాకే."

"లోను ఎప్పటికి తీరుతుంది నాయనా?"

"ఇంకో పదిహేనేళ్ళు."

"అప్పటికి అమ్మాయికి ఎన్నేళ్ళొస్తాయి?"

"నలభై ఏడండీ."

"బాగుంది. పిల్లలు పుట్టేసరికి గది మాత్రం సిద్ధంగా ఉంటుంది."

"హాల్లోకి రండి పిన్నిగారూ, వెలుతురు బాగుంటుంది."

"వస్తున్నా. ఫోటోలో ఎంత ముద్దుగా ఉన్నారు ఇద్దరూ! కానీ ఇంత కిందికి తగిలించారేం? మోకాళ్ళ మీద కూర్చుని చూడాలా?"

"అయ్యో, ఎత్తకండి పిన్నిగారూ, జారిపోతుంది..."

"దీని వెనకాల ఈ నల్ల మచ్చ ఏమిటి?"

"అది ఫోటో నీడండీ."

"నీడా? తడిగా ఉంది నాయనా ఈ నీడ."

"చెమ్మండీ, చెమ్మ. డాబా మీద పూత వేయిస్తే పోతుంది. ఈయనకి నేను చెప్పాను..."

"ఎప్పుడు చెప్పావు?"

"మొదటి వానకే చెప్పాను!"

"పూత వేయించమన్నావు. డబ్బెక్కడిది? నీ బల్ల మీద పోసి కూర్చున్నాం కదా!"

"నా బల్లా? నువ్వు తెచ్చిన టేకు చెక్కల మాటేమిటి? బాల్కనీ నిండా అవే! మంచం చేస్తాను మంచం చేస్తానని, చివరికి నువ్వే సోఫా మీద..."

"సోఫా మీదికి పంపింది ఎవరు?"

"వాయిదా రోజున కొత్త రంపం కొంటే పంపక..."

"చూశారా పిన్నిగారూ, మేం ఎప్పుడూ ఇలాగే, సరదాగా."

"సరదాగానే ఉంది. అయితే ఇంత ఇష్టమైన ఇల్లు అమ్మడం ఎందుకు?"

"ఇంకాస్త పెద్దది కొందామనండీ."

"చిన్నది చాలనిపించిందండీ."

"పెద్దదా, చిన్నదా?"

"పెద్దదేనండీ. కానీ కొంచెం చిన్నగా ఉండే పెద్దది."

"అలాంటివి దొరకడం కష్టం. సరే. నేను నాన్చే మనిషిని కాను. ఇల్లు నాకు నచ్చింది. బ్రోకరు చెప్పిన ధరే ఇస్తాను. చెమ్మకి కూడా పైసా తగ్గించను."

"నిజంగానా అండీ?"

"సూదీ, డబ్బూ. ఈ రెండు విషయాల్లో నేను మాట మార్చను. కానీ ఒక షరతు."

"చెప్పండి పిన్నిగారూ. అలమరకి తలుపా? సాయంత్రానికల్లా..."

"తలుపు కాదు. నాకు ఉండటానికి ఇల్లుంది. ఇది అద్దెకివ్వడానికి. రిటైరయినప్పుడు వచ్చిందంతా ఇందులో పోస్తున్నాను, నెలనెలా అద్దె చేతికి రాకపోతే నాకు మందులకి ఉండదు. అంచేత మంచి అద్దెదార్లు కావాలి. మీరుండాలి."

"మేమా?"

"మీరే. ఇద్దరూ. రెండేళ్ళకి అగ్రిమెంటు, రెండు సంతకాలు. ఒకరు ఉండి ఒకరు పోయే లెక్కయితే నాకు అక్కర్లేదు. మాట్లాడుకోండి. నేనలా బాల్కనీలో నిలబడతాను. టేకు చెక్కల మధ్య చోటుందా?"

"ఉందండీ, పక్కగా నడవండి. ... ఇదేమిటి? ఇప్పుడేం చేద్దాం?"

"మెల్లగా మాట్లాడు. వినిపిస్తుంది."

"నువ్వే చెప్పు, ఏం చేద్దాం? ఇల్లు అమ్ముతున్నది విడిపోవడానికి. ఇద్దరూ కలిసుంటేనే కొంటానంటోంది ఆవిడ."

"ఒప్పుకోకపోతే ఇంకో పదిహేనేళ్ళు. ఒప్పుకుంటే రెండేళ్ళు. లెక్కన చూస్తే చవకే."

"నాతో ఉండటాన్ని కూడా వాయిదాల్లో చూస్తున్నావా?"

"నువ్వు చూడట్లేదూ?"

"నా మాట విను. సంతకం పెడదాం. డబ్బు బ్యాంకులో పడగానే చెరో దారి చూసుకుందాం. అద్దె సంగతి ఆవిడ చూసుకుంటుంది."

"ఎలా చూసుకుంటుంది? మందులకి ఉండదందిగా."

"వేరే ఎవరికో ఇచ్చుకుంటుంది. ఇల్లు ఆవిడదేగా."

"జీవితమంతా పగలూ రాత్రీ డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బు. రేపు ఖాళీ ఇంట్లో చెమ్మని చూస్తూ కూర్చోమంటావా ఆవిణ్ణి? నా వల్ల కాదు."

"నీకు ఇలాంటివి కూడా తోస్తాయా?"

"అప్పుడప్పుడు. సోఫా మీద పడుకుంటే తోస్తాయి. టైముంటుంది."

"నిజం చెబితే బేరం పోతుంది. క్లినిక్ పోతుంది. నీ వర్క్‌షాపూ పోతుంది."

"ఇప్పుడేమైనా ఉన్నాయా అవి?"

"లేవు."

"నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను. నువ్వు చెబితే దానికీ నీడని ఏదో పేరు పెడతావు. ... పిన్నిగారూ! ఒక్కసారి ఇటు వస్తారా?"

"వస్తున్నా. ఈ చెక్క ఎవరిదో గానీ నా చీర పట్టుకుని వదలట్లేదు. ఊఁ, చెప్పండి. సరేనా?"

"కాదండీ. మిమ్మల్ని మోసం చెయ్యలేం. ఇల్లు అమ్ముతున్నది పెద్దదానికీ కాదు, చిన్నదానికీ కాదు. మేమిద్దరం విడిపోతున్నాం. కోర్టులో కాగితాలు కూడా వేశాం. ఈ ఫోటో, దిండ్లు, ఏవండీ అనడం, అంతా మీకోసం పొద్దున్నే సర్దిందే."

"తెలుసు."

"తెలుసా! బ్రోకరు చెప్పాడా?"

"వాడు చెబుతాడా? వాడికి మీరు ఆదర్శ దంపతులు."

"మరెలా తెలుసు పిన్నిగారూ?"

"మీ కింద ఇంట్లో ఉండేది మా చెల్లెలు."

"అయ్యో! అంటే... మా మాటలు..."

"ఐదేళ్ళ నుంచీ, మీరు కొన్న దగ్గర్నుంచీ. వానలకీ, వాయిదాలకీ, ఆ తలుపు ఊడిన రోజుకీ, అన్నిటికీ. టీవీ కట్టేసి మరీ వినేదట."

"మరి ఇంత తెలిసీ మమ్మల్నే ఉండమంటారేంటండీ? మీకేమైనా..."

"పిచ్చా? లేదు నాయనా. ఇంట్లో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కొరుక్కుతిన్నారు గానీ, వాయిదా మాత్రం ఒక్క నెలా తప్పలేదట. అలాంటి అద్దెదార్లు నాకెక్కడ దొరుకుతారు?"

"అద్దె కడతాం సరే. గొడవలో? అవి భరిస్తారా?"

"మా చెల్లెలు ఇంకో మాట కూడా చెప్పింది. ఐదేళ్ళుగా విన్నదాంట్లో ఇంటి గురించి కాని గొడవ ఒక్కటంటే ఒక్కటి లేదట. ఇవాళ నేనూ విన్నాను. అందుకే ఇల్లు నాకిచ్చెయ్యండి. చెమ్మ నాది, తలుపు నాది, డాబా నాది. ఇహ దేని గురించి విడిపోతారో నేనూ చూస్తాను."