అమ్మ కోసం వేయించిన షాకప్

భోపాల్‌పట్నం సంతకు పోతూ, సగం దారిలోనే కొడుకు నడిపే బైకును ఆపించి తల్లి దిగిపోయింది.

“ఏందిరా ఈ గుద్దుడు? నడుం ఇరిగిపోతాంది. నా కోసమే ఎనక కొత్త షాకప్ ఏపిచ్చిన అన్నవు గద?”

“పెద్ద బండిదమ్మా. మన బండికి పట్టేటట్టు చేపిచ్చిన. జర గట్టిగుంటది.”

“జరనా? నేను కూసుంటే కిందికి దిగుతనే లేదు. మరి ఏమెక్కిస్తే దిగుతదిరా?”

“రెండు బస్తాలు.”

“ఏం బస్తాలు?”

“ఇప్పపువ్వు. పామేడు దిక్కు నుంచి.”

“ఆ దారిలోనే గద పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నవ్! ఇగ పోనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవ్.”

“బస్తాల బరువు బండి ఆపలేకనే పడ్డనమ్మా. ఇప్పుడు ఆపుతది.”

“ఒట్టు తప్పితే నాకేమైతదోనని ఒక్కపారన్న అనిపియ్యలేదారా?”

“ఎండైతాంది, ఎక్కమ్మా.”

“బస్తాల కోసం చేసుకున్న బండి మీద బస్తాలనే ఎక్కిచ్చుకో. నేను నడిచొస్త.”